తెరకు వీపు పెట్టి కూర్చున్న వేసవి

ఆ వేసవిలో ఒకే సినిమాకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఒక్కసారి కూడా తెర వైపు తిరగలేదు. తిరిగితే ఉద్యోగం ఊడుతుందని మొదటిరోజే చెప్పారు.

విడుదల కాకముందే సినిమాను పిల్లలకు వేసి చూసే చిన్న హాలు. పిల్లల్ని వరసలుగా కూర్చోబెట్టేవారు. తెర కింద పొట్టి స్టూళ్ళు వేసుకుని, తెరకు వీపు పెట్టి, ఒక్కొక్కరం ఒక్కో వరసకు ఎదురుగా కూర్చునేవాళ్ళం. సినిమా వెలుగు పిల్లల ముఖాల మీద పడుతూ ఉంటుంది. ఎవరు ఎప్పుడు కాళ్ళు ఊపారు, ఎవరు పక్కవాడి చొక్కా లాగారు, ఎవరు బాత్రూమ్ అన్నారు, అదంతా రాసుకోవడం మా పని. సినిమా ఎలా ఉందని పిల్లల్ని అడిగితే బాగుందంటారు. చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టి అడిగితే ఇంకా బాగుందంటారు. అందుకని ఆ సినిమా కంపెనీ వాళ్ళు పిల్లల నోళ్ళను వదిలేసి కాళ్ళను నమ్ముకున్నారు. కాళ్ళు ఊగితే సినిమా ఓడినట్టు, పిల్లలు కదలకపోతే గెలిచినట్టు. ఇంత తెలివి ఎవరికి పుట్టిందో గానీ, మాకెవరికీ అందులో తప్పేమీ కనిపించలేదు.

నేను చిన్నపిల్లల బడిలో టీచర్ని. సెలవులు కదా, పిల్లల ముఖాలు చదవడం అలవాటున్న మనిషని డైరెక్టరమ్మ పిలిచింది. అది పైకి చెప్పిన మాట. లోపలి సంగతి ఏమిటంటే, నేను దుప్పటి మామ కూతుర్ని.

దుప్పటి మామ అంటే ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. నా చిన్నప్పుడు టీవీలో సాయంత్రాలు వచ్చే బొమ్మల కథ అది. ఒంటినిండా అతుకులున్న ముసలి దుప్పటి ఒకటి, ఊరు సద్దుమణిగాక అలమరలోంచి దిగి వీధుల వెంట నడుస్తూ, కప్పుకోకుండా నిద్రపోతున్న వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళేది. కనపడిన ప్రతివాళ్ళనూ పేరు పెట్టి పలకరించి, "కాళ్ళు లోపల పెట్టుకో, బంగారం" అనేది. ఆ గొంతు మా నాన్నది. ఆ మాట విని నిద్రపోయిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళై, పొట్టలు పెంచి, ఆఫీసుల్లో కుర్చీలెక్కి కూర్చున్నారు. అయినా నాన్న కనిపిస్తే చాలు, కరిగిపోతారు. ఒకసారి బ్యాంకులో బుర్రమీసాల మేనేజరు నాన్న చేత ఆ మాట చెప్పించుకుని, కళ్ళు తుడుచుకుని, తర్వాత గానీ సంతకం పెట్టలేదు.

అలాంటి కథకు ఇన్నేళ్ళ తర్వాత రెండో భాగం. ఈసారి పెద్ద సినిమా. డైరెక్టరమ్మ కూడా దుప్పటి మామను చూస్తూ పెరిగిన మనిషే. నాన్నను 'మామయ్యా' అనే పిలిచేది. సినిమా మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"కొత్త కథ తీసి బాగాలేకపోతే బాగాలేదంటారు, అక్కడితో పోతుంది" అనేది నాతో. "ఇది చెడగొడితే జనం నన్ను ఇంట్లో దొంగతనం చేసినట్టు చూస్తారు, టీచర్ గారూ."

సినిమాలో దుప్పటి మామ బాగా ముసలివాడైపోయాడు. ఉతికి ఉతికి అతుకులు ఊడిపోతుంటే, ఒక్కో అతుకుతో పాటు ఒక్కో పేరు మర్చిపోతుంటాడు. ఒకరోజు గాలికి కొట్టుకుపోతాడు. ఒక పాప అతన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఎక్కడో తెలియని ఊళ్ళో, ఎవరిదో దండెం మీద వేలాడుతూ కనిపిస్తాడు. "మామా!" అంటుంది పాప. అతను తిరిగి చూసి, "నువ్వెవరు?" అంటాడు. కథకు గుండెకాయ అదే.

పాపకు గొంతు ఇచ్చింది నా కూతురు. దాన్ని ఇంట్లో అందరం పిడుగు అంటాం. తాతా మనవరాలూ ఒకే గదిలో, ఒకే మైకు ముందు నిలబడి చెబితే సహజంగా ఉంటుందని డైరెక్టరమ్మ పట్టుబట్టింది. చలికాలంలోనే ఆ రికార్డింగు అయిపోయింది; నేను వాళ్ళను అక్కడ దింపి బడికి వెళ్ళేదాన్ని. మా ఆయన ఓడ మీద పనిచేస్తాడు. ఆ వేసవంతా నీళ్ళ మీదే ఉన్నాడు. ఇంట్లో నాన్న, అమ్మ, పిడుగు, నేను.

మొదటిసారి సినిమా వేసిన రోజు నా వరసలో పిల్లలు నన్ను ఏడిపించారు. ఒకడు బూటు విప్పి పక్కవాడి ఒళ్ళో పెట్టాడు. ఒకమ్మాయి జడ నోట్లో పెట్టుకుని నా వైపే చూస్తూ కూర్చుంది. తెర మీద ఏదో పాట. ఒక్క కాలూ కుదురుగా లేదు. రాసి రాసి నా చెయ్యి నొప్పెట్టింది. పక్క వరసల వాళ్ళ పెన్నులు కూడా ఆగడం లేదు. సినిమా మునిగిపోతోందని అర్థమై నాకు దిగులేసింది.

అంతలో దండెం ఘట్టం వచ్చింది. వెనకాల గాలి చప్పుడు. తర్వాత నాన్న గొంతు.

"ఎవరమ్మా నువ్వు? నీతో ఎవరొచ్చారు?"

ఎంతో మెత్తగా, మర్యాదగా అన్నాడు. తర్వాత పిడుగు గొంతు సన్నగా, "నేనే... నేనే" అంది.

నా ఎదురుగా వరస వరసంతా బిగుసుకుపోయింది. బూటు పట్టుకున్నవాడి చెయ్యి గాల్లో ఆగిపోయింది. జడ నోట్లోంచి జారింది. ఒక్కరూ కదల్లేదు. రాయడానికి ఏమీ లేక పెన్ను పక్కన పెట్టేశాను. మా నాన్న ఎంత గొప్ప నటుడో అప్పుడే తెలిసినట్టు గర్వంతో పొంగిపోయాను.

సినిమా అయ్యాక డైరెక్టరమ్మ నన్ను వాటేసుకుంది. "చూశారా! అందరి కాగితాల్లోనూ అక్కడొక్కచోట ఖాళీ. అసలు మేం రాసింది ఉత్తి 'నువ్వెవరు' అని. మామయ్య తనంతట తాను మార్చి చెప్పాడు. ఈ ఒక్క ముక్క మీదే సినిమా నిలబడుతుంది."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాన్నకు అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. నాన్న వేడినీళ్ళ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని విన్నాడు. పొగడ్తంటే ఆయనకు చెవికోసుకునేంత ఇష్టం. కానీ ఆ రోజు ఊరికే తలాడించాడు.

"అలా మార్చి చెప్పానా?" అన్నాడు. "అయితే బాగానే చెప్పుంటాను."

అప్పుడే పిడుగు బయటినుంచి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "తాతా, నేను పిడుగుని. నీ మనవరాలిని. ఆడుకుని వచ్చాను" అంది. నాన్న నవ్వి రమ్మన్నాడు. అది కొంతకాలంగా అలాగే చేస్తోంది. గదిలోకి వచ్చిన ప్రతిసారీ, ఆఖరికి మంచినీళ్ళకు వెళ్ళి వచ్చినా సరే, రైల్వే స్టేషన్లో మైకులా తనెవరో చెప్పుకుని మరీ లోపలికి వస్తుంది. సినిమా పిచ్చి తలకెక్కిందని నేనూ అమ్మా నవ్వుకునేవాళ్ళం. నిజానికి నవ్వేదాన్ని నేనే. అమ్మ నవ్వుతున్నట్టు మూతి పెట్టి వేరే పనిలో పడేది. అది నాకు తర్వాత గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున బాల్కనీలో పిడుగుకు జడ వేస్తూ మాట వరసకు అడిగాను. "తాతకు రోజూ పేరు చెప్పడం ఎందుకే? తాతకు నువ్వు తెలీదా?"

దువ్వెన లాగినప్పుడు కూడా అరవలేదు. మామూలుగా అయితే వీధి వీధంతా వినపడేలా అరుస్తుంది.

"ఏమైందే?"

"మైకు ముందు ఆడేముందు తాత నాకు కన్ను కొడతాడమ్మా" అంది చివరికి. "ప్రతిసారీ కొడతాడు. కొట్టాక మొదలుపెడతాం. ఆ రికార్డింగు రోజు నేను మంచినీళ్ళు తాగొచ్చాను. తాత నన్ను చూసి ఎవరమ్మా నువ్వు అన్నాడు. కన్ను కొట్టలేదు."

"ముసలాడివి పరాచికాలే అవి."

"కాదమ్మా. మా అమ్మతో వచ్చానని చెబుదామనుకున్నా. భయమేసి నేనే నేనే అన్నాను." జడ కొస పట్టుకుని మెలిపెడుతూ అంది. "మళ్ళీ అడుగుతాడేమోనని ముందే చెప్పేస్తున్నా."

సగం జడతోనే దాన్ని పంపించి, చాలాసేపు అక్కడే నిలబడ్డాను. వీధిలో అందరూ వాళ్ళ వాళ్ళ పనుల మీద వెళుతున్నారు. లోపల నాన్న గొంతు సవరించుకుంటున్నాడు, రోజూలాగే, పొద్దున్నే 'ఆ ఊ' అంటూ. ఆ చప్పుడు వింటూ పెరిగిన దాన్ని. ఆ రోజు అది వింటే భయమేసింది.

పిల్ల మాట నమ్మాలా వద్దా అని రెండ్రోజులు కొట్టుకుని, చివరికి సౌండ్ గదికి వెళ్ళాను. అక్కడ పనిచేసే ఆయన్ని అందరూ చెవులాయన అంటారు. నాన్నకు పాతికేళ్ళ స్నేహితుడు. నన్ను చూడగానే కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. ఏమీ అడగకముందే హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

"నువ్వు ఎప్పుడొస్తావా అని చూస్తున్నానమ్మా" అన్నాడు.

"ఆ టేకు..."

"అది టేకే కాదు. నాకో చెడ్డ అలవాటుంది. టేకుకీ టేకుకీ మధ్య కూడా మైకు ఆపను. మా మేష్టారు, అదే మీ నాన్న, మధ్యలో అనే మాటలు ఒక్కోసారి అసలు డైలాగు కంటే బాగుంటాయి, దాచుకుంటాను. ఎడిటింగ్ కుర్రాళ్ళకు అదీ ఇదీ తేడా తెలీలేదు. తీసి సినిమాలో పెట్టేశారు. డైరెక్టరమ్మ విని ఎగిరి గంతేసింది. అప్పుడు నోరు విప్పలేకపోయాను." ఆయన టేబుల్ మీద ఏమీ లేని చోట చేత్తో తుడిచాడు. "పాప ఆ రోజు ఇంటికెళ్ళేదాకా నా పక్కనే కూర్చుంది తల్లీ. మేష్టారు మరుక్షణంలోనే మామూలైపోయారు. నాకు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడలేదు."

"ఒక్కసారేనా?"

"నాకు తెలిసి ఒక్కసారే. ఇంట్లో మీకే తెలియాలి."

ఇంట్లో తెలిసిన మనిషి ఉంది. అమ్మను వంటింట్లో పట్టుకున్నాను. గిన్నెలు తుడుస్తోంది. నేను చెప్పిందంతా విని, తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

"మీ నాన్నకు మతిమరుపు ఇప్పుడా కొత్త? పెళ్ళైన కొత్తలో నా పేరు మర్చిపోయి మీ అత్తయ్య పేరుతో పిలిచేవారు. అప్పుడెవరూ ఇంత గోల చెయ్యలేదు."

"అమ్మా."

"ఏంటే?"

"నీకెప్పట్నుంచి తెలుసు?"

గిన్నె పక్కన పెట్టి చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. "మొన్నామధ్య నన్ను పట్టుకుని, మీ ఆయన ఇంకా రాలేదా అని అడిగారు. వస్తారండీ, కూర్చోండి అన్నాను. కూర్చున్నారు. కాసేపటికి తెలివొచ్చి టీ అడిగారు." గొంతు తగ్గించింది. "డాక్టరు దగ్గరికి వెళ్దాం. వద్దనను. కానీ ఆ సినిమా రానీ. ఈ సంగతి బయటికి పొక్కిందంటే రేపట్నుంచి ఆయన్నెవరూ పిలవరు. మైకు లేకపోతే ఆ మనిషి రెండ్రోజులు బతకరు. నీకు దండం పెడతాను, ఎవరితోనూ అనకు."

నా కన్నతల్లి నాకు దండం పెడుతుంటే ఏమనను? సరేనన్నాను.

ఆ తర్వాత సినిమా వేసిన ప్రతిసారీ నాకు నరకమే. దండెం ఘట్టం దగ్గర పడుతుంటే గాలి చప్పుడుకే ముచ్చెమటలు పట్టేవి. వీపు వెనక నుంచి నాన్న వచ్చి, నా భుజం మీదుగా ఆ పిల్లల్ని, 'ఎవరమ్మా నువ్వు' అని అడుగుతున్నట్టే ఉండేది. తర్వాత నన్ను అడుగుతాడు. ఆ రోజు ఎంతో దూరంలో లేదనిపించేది.

పిల్లల ముఖాలు కూడా అప్పుడే సరిగ్గా చూశాను. బడిలో రోజూ చూసే ముఖాలే. కథ వింటూ లీనమైన పిల్లాడికి నోరు కాస్త తెరుచుకుంటుంది, చేతులు వదులవుతాయి. వీళ్ళ చేతులు కుర్చీలను గట్టిగా పట్టుకున్నాయి. పెదాలు బిగించి ఉన్నాయి. వీళ్ళు సినిమా చూస్తూ కదలడం మర్చిపోలేదు, కదిలితే ఏమవుతుందోనని హడలిపోయి కూర్చున్నారు. ఇన్ని వారాలుగా మేమందరం ఆ బిగుసుకుపోవడాన్ని మెచ్చుకోలు కింద రాసుకుంటున్నాం. ఒకసారి ఆఖరు కుర్చీలో పాప గౌను తడుపుకుంది. ఏడవలేదు, ఎవరికీ చెప్పలేదు. నేను వెళ్ళి ఎత్తుకుంటే నా మెడ పట్టుకుని, "మామకు ఆ అక్క తెలీదా?" అని చెవిలో అడిగింది.

డైరెక్టరమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. నాన్న సంగతి కాదు, పిల్లల సంగతి మాత్రమే. "వాళ్ళు భయపడుతున్నారు. ఆ ముక్క తీసెయ్యండి."

"భయపడితే మంచిదే కదా! మధ్యలో భయం లేకపోతే చివర్లో ఆనందం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "పైవాళ్ళు మీ కాగితాలు చూసి ఏమన్నారో తెలుసా? సినిమాలో ప్రాణమున్నది అక్కడొక్కచోటే, దాన్ని ఇంకాస్త పెంచండి అన్నారు. మామయ్యను మళ్ళీ పిలిపిస్తున్నాను. అదే గొంతుతో ఇంకో నాలుగు మాటలు చెబితే చాలు."

ఏ పని జరగకూడదని నేను వెళ్ళానో, అదే పని నెత్తికి చుట్టుకుని బయటికొచ్చాను.

రికార్డింగు రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళికొడుకులా తయారయ్యాడు. అద్దం గదిలో మైకు ముందు నిలబడి చెవులాయనకు సైగ చేశాడు. పిడుగు రానని మొండికేసింది, బతిమాలితే ఏడ్చింది, వదిలేశాం. నేను అద్దానికి ఇవతల డైరెక్టరమ్మ పక్కన కూర్చున్నాను.

"ఎవరమ్మా నువ్వు? మీ ఊరేది?" అన్నాడు నాన్న. ఎంత బాగా చెప్పాడో! గొంతులో వణుకు, చివర్లో చిన్న నిట్టూర్పు. పెద్ద నటుడు పలికే తీరు.

"ఇంకోసారి మామయ్యా. కొంచెం తగ్గించి."

తగ్గించి చెప్పాడు. ఇంకా తగ్గించాడు. నెమ్మదిగా, తొందరగా, నవ్వుతూ, దిగులుగా, రకరకాలుగా చెప్పాడు. ప్రతిదీ బాగుంది, ఏదీ అది కాదు. డైరెక్టరమ్మ బుగ్గలు పట్టుకుని కూర్చుంది. నాన్న చొక్కా వీపున తడిసిపోయింది.

"ఏంటమ్మా నీక్కావలసింది?" అన్నాడు మైకులో. ఆయనకు కోపం వస్తోంది. "ఇన్నేళ్ళలో నన్నెవరూ ఇన్నిసార్లు చెప్పించలేదు."

"ఆ రోజు చెప్పినట్టు మామయ్యా. అచ్చం ఆ రోజులాగే."

"ఏ రోజు?"

అద్దం అవతల నాన్న మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. నన్ను దాటి చూపు వెళ్ళి, మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. నన్ను చూసి, "ఏంటే అలా ఉన్నావు, నీరసంగా ఉందా?" అన్నాడు. నాన్నకు నేను తెలుసు! ఆ క్షణంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

"ఆ రోజుది ఒకసారి వినిపించండి మేష్టారికి" అంది డైరెక్టరమ్మ.

"అవునవును, వినిపించు" అన్నాడు నాన్న. "వింటే దొరికిపోతుంది. నేను చెప్పిన మాట ఏదైనా సరే, ఏ రోజు చెప్పానో, ఆ రోజు నాకు జలుబుందో లేదో కూడా చెప్పగలను."

అది గొప్పలు కాదు, నిజమే. చెవులాయన చెయ్యి మీట మీదికి వెళ్ళి ఆగింది. నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"మెషీన్ మొరాయిస్తోందండీ పొద్దున్నుంచి" అన్నాడాయన. "రేపు చూద్దాం."

నేనూ చెవులాయనా ఆ రేపు రానివ్వలేదు. పెంచడానికి కుదరదని తేలిపోయి, ఉన్నదాన్నే ఉంచాలా, మొత్తం తీసెయ్యాలా అన్నది ఆఖరి ప్రదర్శన తర్వాత తేలుస్తామన్నారు. నాకు అది చాలు. నా వరసలో పిల్లలు కదలకపోయినా సరే, భయమని పెద్ద అక్షరాలతో రాసిపెడదామని నిశ్చయించుకున్నాను. ఆ ముక్క పోతే నాన్న అన్న ఆ మాట ఎవరి చెవినా పడదు. సినిమా పోతే పోయింది.

ఆఖరి ప్రదర్శన రోజు మధ్యాహ్నం హాలు తలుపు తోసుకుని నాన్న వచ్చాడు.

"నా సినిమా నేను చూడొద్దా? అందరూ చూస్తున్నారు, నన్నొక్కణ్ణీ ఇంట్లో కూర్చోబెడతారా?" అన్నాడు అందరికీ వినపడేలా. డైరెక్టరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, పిల్లల మధ్యలో, నా వరసలోనే ఆయనకు కుర్చీ వేయించింది. అందరికంటే ముందు ఆయన మాటే తనకు కావాలంది. పొట్టి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని నాన్న నా వైపు చెయ్యి ఊపాడు. లేచి వెళ్ళి బయటికి లాక్కుపోదామనుకున్నాను. దీపాలు ఆరిపోయాయి.

అంతసేపూ ఆయన్నే చూశాను. వేరే ఎవరి కాళ్ళూ చూడలేదు. దుప్పటి మామ మాట్లాడినప్పుడల్లా నాన్న పెదాలు కదులుతున్నాయి. నా వెనక గొంతు రావడం కంటే ఒక్క పిసరు ముందే ఆయన పెదాలు ఆ మాట పలికేస్తున్నాయి. ప్రతి మాటా ఆయనకు గుర్తుంది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఇంత గుర్తున్న మనిషికి ఏ జబ్బూ లేదేమో, మేమంతా లేనిపోనివి ఊహించుకున్నామేమో అని నాకు కొత్త ఆశ పుట్టింది.

గాలి చప్పుడు మొదలైంది. నాన్న పెదాలు ముందుకు వచ్చాయి. 'నువ్వెవరు' అన్న ఆకారం స్పష్టంగా కనిపించింది. వెనకనుంచి మాత్రం, "ఎవరమ్మా నువ్వు? నీతో ఎవరొచ్చారు?" అని వచ్చింది.

ఆయన పెదాలు ఆగిపోయాయి. చేతులు పొట్టి కుర్చీని రెండువైపులా పట్టుకున్నాయి. ఆయన అటూ ఇటూ ఉన్న పిల్లల ముఖాలు ఎలా ఉన్నాయో ఆయన ముఖమూ అలాగే ఉంది. పక్కనున్న పాప ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆయనకు తెలియనే లేదు. నేను కూర్చున్నచోటనే ఏడ్చాను. చీకట్లో ఎవరూ చూడలేదు.

దీపాలు వెలగ్గానే డైరెక్టరమ్మ ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "మామయ్యా, దండెం దగ్గర... ఉంచమంటారా, తియ్యమంటారా? మీరెలా అంటే అలా."

ఇప్పుడు చెప్పాలి. లేచి నిలబడి, ఉంచొద్దు, అది నటన కాదు అని చెప్పాలి. కానీ చెబితే ఎదురుగా ఆ మనిషి వింటాడు.

నాన్న "ఉంచు" అన్నాడు. "అది తీస్తే ఇందులో ఏమీ లేదు."

బస్సు కోసం బయట బల్ల మీద కూర్చున్నాం. ఎండ ఇంకా తగ్గలేదు. అలిగినప్పుడు నాన్న కింది పెదవి కొద్దిగా ముందుకొస్తుంది, అలా ఉంది.

"ఆ ఒక్కచోట వేరేవాడితో చెప్పించారు కదూ?" అన్నాడు.

నేను బస్సు వచ్చే వైపు చూశాను.

"నేను చెప్పింది నచ్చలేదన్నమాట. ఆ మాట నాతో అనొచ్చుగా? మెషీన్ పాడైందని కథలెందుకు? నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అని కొంతసేపు విసుక్కున్నాడు. విసుగు తగ్గాక గొంతు మారింది. "ఎక్కడ పట్టుకొచ్చారో గానీ, గొంతు అచ్చం నాదే. మిగతావాళ్ళెవరూ పోల్చలేరు. నాకు తెలుస్తుంది కదా. అది నాది కాదు."

"బాగా చెప్పాడా నాన్నా?"

"బాగా చెప్పడమా! నాకే భయమేసింది. నటిస్తున్నట్టే లేదు. ఆ పిల్లని నిజంగానే ఎరగనట్టు ఎలా అడిగాడో చూశావా? నా వల్ల ఈ జన్మకి కాదు."

బస్సు మలుపు తిరిగి వస్తోంది. నాన్న లేచి చొక్కా సరిచేసుకున్నాడు.

"అతన్నొకసారి ఇంటికి పిలువు. ఎవరో చూడాలనుంది."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి వెచ్చగా, గట్టిగా, ఎప్పటిలాగే ఉంది.

"వస్తాడు నాన్నా" అన్నాను.

"తొందరగా రమ్మను" అంటూ నాన్న బస్సెక్కాడు.